12 పెద్దదా, 8 పెద్దదా?

మా పక్కింటి అబ్బాయి ఇంజినీరింగ్ నాలుగో ఏడాదిలో ఉన్నాడు. మొన్న ఆదివారం పొద్దున్నే ఒక చీటీ పట్టుకొచ్చాడు. చీటీ మధ్యలో నిలువుగా ఒక గీత. గీతకు ఒక పక్క ఆర్‌టీఎక్స్ 3060, ఇంకో పక్క ఆర్‌టీఎక్స్ 4060 అనే గ్రాఫిక్స్ కార్డులు. "అంకుల్, షాపాయన 12 జీబీదే ఫాస్ట్, అది తీసుకో, 8 జీబీది దండగ అంటున్నాడు. మా ఫ్రెండేమో నంబరు పెద్దదుంటే అదే ఫాస్ట్ అంటాడు. నెట్‌లో చూస్తే ఒక వరసలో ఇది గెలుస్తోంది, ఇంకో వరసలో అది. అసలేం చూడాలి?" అన్నాడు.

చీటీలో ఉన్నవి ఇవీ. 2021 ఫిబ్రవరిలో వచ్చిన 3060లో 3,584 కోర్లు, 12 జీబీ మెమరీ, 192 బిట్ల బస్సు, సెకనుకు 360 జీబీ బ్యాండ్‌విడ్త్, 170 వాట్లు. 2023 జూన్‌లో వచ్చిన 4060లో 3,072 కోర్లు, 8 జీబీ మెమరీ, 128 బిట్ల బస్సు, 272 జీబీ బ్యాండ్‌విడ్త్, 115 వాట్లు. కరెంటు సంగతి పక్కన పెడితే ప్రతి వరసలోనూ పాతదే పెద్దది. తీరా ఫుల్ హెచ్‌డీ తెర మీద ఆటలు ఆడించి కొలిస్తే కొత్తది సుమారు 15 నుంచి 20 శాతం ముందుంటుంది. ఈ ముడి ఒక్కటి విప్పుకుంటే ఏ రెండు కార్డులనైనా పోల్చుకోవచ్చు.

కార్డు చేసే పనేమిటో ముందు చూద్దాం. ఫుల్ హెచ్‌డీ తెరలో అడ్డంగా 1,920, నిలువుగా 1,080 చుక్కలుంటాయి. గుణిస్తే 20,73,600. ఆట తడబడకుండా సాగాలంటే సెకనుకు 60 బొమ్మలైనా మారాలి. ఆ ఒక్కో బొమ్మని ఫ్రేమ్ అంటారు. అంటే సెకనుకు 12 కోట్ల 44 లక్షల చుక్కలకు రంగు తేల్చాలి. 4కే తెరైతే దీనికి సరిగ్గా నాలుగు రెట్లు. ఒక చుక్క పక్క చుక్క కోసం ఆగాల్సిన పని పెద్దగా ఉండదు కాబట్టి ఈ పనిని వేలమందికి పంచొచ్చు. సంక్రాంతికి వీధి పొడుగునా ముగ్గేసేటప్పుడు తలా ఒక మూల అందుకుంటారే, అలాగ. ఆ పనివాళ్లే కోర్లు.

మరి 3,584 మంది కంటే 3,072 మంది ఎలా ముందుంటారు? పెళ్లి వంటకు ఎంతమంది వచ్చారో చెబితే సరిపోదు, ఎవరి చెయ్యి ఎంత చురుకో కూడా తెలియాలి. ఆ చురుకే క్లాక్. 3060ది 1.78 గిగాహెర్ట్జ్. 4060ది 2.46 గిగాహెర్ట్జ్, అంటే సెకనుకు 246 కోట్ల దరువులు. ఒక్కో దరువుకు ఒక్కో కోరు ఒక గుణకారం, ఒక కూడిక కలిపి చేస్తుంది కాబట్టి రెండు లెక్కలుగా వేసుకుంటారు. కోర్లు, రెండు, క్లాక్ మూడింటినీ గుణిస్తే 3060కి సెకనుకు 12.7 లక్షల కోట్ల లెక్కలు, 4060కి 15.1 లక్షల కోట్లు వస్తాయి. బడ్జెట్ వార్తల్లో తప్ప మనం వినని ఈ లక్ష కోట్లకే కంప్యూటరు వాళ్లు టెరాఫ్లాప్ అని పేరు పెట్టారు. 15.1ని 12.7తో భాగించండి. 19 శాతం తేడా. ఆటల్లో కొలిచిన తేడాకు దగ్గరగానే ఉంది.

ముడి వీడిపోయిందనుకుని మా వాడు లేవబోయాడు. కూర్చోబెట్టాను. టెరాఫ్లాప్‌లు రెండు తరాల మధ్య ఇలా కలిసిరావడం అదృష్టమే తప్ప నియమం కాదు. 2018 నాటి ఆర్‌టీఎక్స్ 2080 టీఐని చూడండి. 4,352 కోర్లు, 13.4 టెరాఫ్లాప్‌లు. 2020లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3070కి 5,888 కోర్లు, 20.3 టెరాఫ్లాప్‌లు. కాగితం మీద కొత్తది సగం ఎక్కువ. ఆటల్లో మాత్రం రెండూ దాదాపు సమానం. ఎందుకంటే పాత తరంలో కూరగాయలు తరిగేవాళ్లు వేరే ఉండేవాళ్లు, వాళ్లని వంటవాళ్ల లెక్కలో వేసేవారు కాదు. కొత్త తరంలో ఆ తరిగేవాళ్లకి వంట కూడా నేర్పి అందర్నీ వంటవాళ్లుగానే లెక్కేశారు. తలలు పెరిగాయి, నిజమే. కానీ తరగాల్సిన పని వచ్చినప్పుడల్లా అందులో కొందరు పొయ్యి వదిలి కత్తిపీట దగ్గర కూర్చోవాల్సిందే. అబద్ధం ఎక్కడా లేదు, లెక్కపెట్టే పద్ధతే మారింది. అందుకని కోర్లనీ టెరాఫ్లాప్‌లనీ ఒకే తరం కార్డుల మధ్య పోల్చుకోవాలి. తరం మారితే ఆ వరసని కొట్టేయండి. ఈ కార్డులు చేసే ఎన్విడియా కోర్లని పోటీ కంపెనీ ఏఎండీ కోర్లతో పోల్చడం మరీ తప్పు. కుంచాన్నీ కిలోనీ పక్కపక్కన పెట్టినట్టే.

ఇక బస్సు. ఇది ఆర్టీసీ వాళ్లది కాదు. మెమరీకీ అసలు చిప్పుకీ మధ్య ఉన్న దారి. 192 బిట్లు అంటే ఆ దారిలో 192 వరసలున్నాయని. 3060లో ఒక్కో వరస సెకనుకు 15 గిగాబిట్లు మోస్తుంది. 192ని 15తో గుణించి, 8 బిట్లు కలిస్తే ఒక బైట్ కాబట్టి 8తో భాగిస్తే 360 జీబీ. 4060లో వరసలు 128, ఒక్కోటి 17 గిగాబిట్లు, కాబట్టి 272 జీబీ. దీన్నే బ్యాండ్‌విడ్త్ అంటారు. మన ఫోన్లలో రోజుకు 2 జీబీ ప్లాన్ ఉందనుకోండి. 3060 ఆరు నెలల డేటాని ఒక్క సెకనులో మోసేస్తుంది. 4060 నాలుగున్నర నెలలది.

అయితే 4060కి సరుకు అందక వంట ఆగిపోవాలి కదా? ఆగదు. ఆగకుండా చూసేది కాష్. చిప్పులోనే ఉండే చిన్న మెమరీ అది. వంటింట్లో పోపుల డబ్బా పొయ్యి పక్కనే ఎందుకు పెట్టుకుంటాం? ఆవాలకోసారి, జీలకర్రకోసారి స్టోర్‌రూమ్‌కి పరుగెత్తలేక. 3060 పోపుల డబ్బా (ఎల్2 కాష్ అంటారు) 3 ఎంబీ. 4060ది 24 ఎంబీ, అంటే ఎనిమిది రెట్లు. మళ్లీమళ్లీ కావాల్సినవన్నీ చేతికందేంత దూరంలో ఉంటే దారి కాస్త ఇరుకైనా నడిచిపోతుంది. కాకపోతే నలుగురికి వండేటప్పుడు సరిపోయిన డబ్బా నాలుగొందల మందికి చాలదు. తెర రెజల్యూషన్, అంటే చుక్కల సంఖ్య, పెరిగేకొద్దీ కాష్ వల్ల వచ్చే లాభం తగ్గి ఇరుకు దారి బయటపడుతుంది. కొలతలు చదివేటప్పుడు మీ తెర రెజల్యూషన్ దగ్గర రాసిన అంకెలే చూడాలి. 4కేలో వచ్చిన ఫలితం ఫుల్ హెచ్‌డీ మానిటర్ ఉన్నవాడికి దేనికీ పనికిరాదు.

ఇప్పుడు షాపాయన మాట. 12 జీబీ పెద్దది కాబట్టి కార్డు ఫాస్ట్ అన్నాడు. ఇది చాలామందికి ఉన్న పొరపాటు. మెమరీ చోటునిస్తుంది, వేగాన్నివ్వదు. బీరువా పెద్దదైనంత మాత్రాన బట్టలు తొందరగా కట్టుకోలేం కదా. దీనికి ఒక చక్కని రుజువుంది. 2023లో ఆర్‌టీఎక్స్ 4060 టీఐని రెండు రకాలుగా అమ్మారు, ఒకటి 8 జీబీ, ఒకటి 16 జీబీ. చిప్పు ఒకటే, కోర్లు రెండింటికీ 4,352, బ్యాండ్‌విడ్త్ రెండింటికీ 288 జీబీ. అమెరికాలో ధర తేడా 100 డాలర్లు. ఫుల్ హెచ్‌డీలో చాలా ఆటల్లో రెండిటి ఫ్రేములూ దాదాపు ఒక్కటే. రెట్టింపు మెమరీ ఇచ్చిన వేగం దాదాపు సున్నా.

మరి ఆ 100 డాలర్లు ఎక్కడ పనికొస్తాయి? చోటు చాలని రోజున. కార్డు మెమరీ నిండిపోతే మిగిలిన సరుకు కంప్యూటరు మామూలు ర్యామ్‌లో పెట్టాల్సి వస్తుంది. అక్కణ్నుంచి కార్డుకి తెచ్చే దారిని పీసీఐ ఎక్స్‌ప్రెస్ అంటారు. 4060కి ఆ దారి సెకనుకు ఒక వైపు సుమారు 16 జీబీ. సొంత మెమరీ దారి 272, ఇది 16. హైవే మీద పోతున్నవాణ్ని ఒక్కసారిగా సందులోకి తిప్పినట్టు. ఇది కూడా నాలుగో తరం పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఉన్న మదర్‌బోర్డులోనే. బోర్డు పాతదై మూడో తరానిదైతే 8 జీబీకి పడిపోతుంది, ఎందుకంటే 4060 వాడుకునేది ఎనిమిది వరసలే. 3060 పదహారు వరసలూ వాడుకుంటుంది. ఐదారేళ్ల కిందటి కంప్యూటర్లో కార్డు వేసుకునేవాళ్లు ఈ ఒక్క ముక్క గుర్తు పెట్టుకోవాలి. ఇంకో మోసం కూడా ఉంది. చోటు చాలనప్పుడు కొన్ని ఆటలు తడబడవు, చప్పుడు చేయకుండా బొమ్మలోని గోడల, బట్టల పైపూత నాణ్యత తగ్గించేస్తాయి. ఫ్రేముల మీటరు బాగానే చూపిస్తుంది, బొమ్మ మాత్రం అలికేసినట్టుంటుంది. ఇది ఏ పట్టికలోనూ కనబడదు, కళ్లతో చూడాల్సిందే.

పేర్ల దగ్గర ఇంకాస్త ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. ఇక్కడే ఎక్కువమంది డబ్బు పోగొట్టుకుంటారు. ఆర్‌టీఎక్స్ 3060నే తీసుకోండి. 2022 చివర్లో అదే పేరుతో 8 జీబీ రకం కూడా వచ్చింది. 4 జీబీ తగ్గిందంతే అనుకుంటే పొరపాటు. బస్సు 192 నుంచి 128 బిట్లకీ, బ్యాండ్‌విడ్త్ 360 నుంచి 240కీ దిగింది. ఆర్‌టీఎక్స్ 3050దీ ఇదే కథ. 8 జీబీ దానిలో 2,560 కోర్లు, 224 జీబీ బ్యాండ్‌విడ్త్. 2024లో వచ్చిన 6 జీబీ దానిలో 2,304 కోర్లు, 168 జీబీ. న్యాయానికి ఒకటి చెప్పాలి, ఈ 6 జీబీది 70 వాట్లే తీసుకుంటుంది. చాలా రకాలకు ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటరుకు కరెంటు అందించే పెట్టె) నుంచి విడిగా వైరు అక్కర్లేదు. పాత ఆఫీసు కంప్యూటర్లో పెట్టుకోవాలనుకునేవాళ్లకి బాగా ఉపయోగం. అన్నిటికన్నా ఘోరం జీటీ 1030ది. జీడీడీఆర్5 మెమరీతో వచ్చినదానికి 48 జీబీ బ్యాండ్‌విడ్త్, తర్వాత డీడీఆర్4 మెమరీతో వచ్చినదానికి 16.8 జీబీ. పేరు మారలేదు, దారి మూడో వంతైంది. 2022లో 4080 పేరుతో 16 జీబీ, 12 జీబీ అని రెండు కార్డులు ప్రకటించారు. 12 జీబీదాంట్లో కోర్లు కూడా 9,728కి బదులు 7,680 ఉండటంతో జనం గోల చేశారు. ఎన్విడియా దాన్ని వెనక్కి తీసుకుని, తర్వాతి జనవరిలో 4070 టీఐ అని పేరు మార్చి, ధర 100 డాలర్లు తగ్గించి అమ్మింది. కొనేవాళ్లు గట్టిగా అడిగితే పేర్లు కూడా మారతాయన్నమాట.

ల్యాప్‌టాప్ సంగతి చెప్పకపోతే సగం మందికి ఈ వ్యాసం పనికిరాదు. ల్యాప్‌టాప్ 4060లోనూ కోర్లు 3,072 ఉన్నాయి. కానీ దానికి ఇచ్చే కరెంటు 35 వాట్ల నుంచి 115 వాట్ల వరకూ ల్యాప్‌టాప్ తయారీదారు ఇష్టం. సన్నగా, తేలిగ్గా ఉన్న మోడల్లో ఒకలా, లావుగా ఉన్నదాంట్లో ఒకలా పరుగెత్తుతుంది. షాపులో "ఇందులో 4060 ఉంది సార్" అనగానే అడగాల్సిన ప్రశ్న ఒకటే, "ఎన్ని వాట్లది?" ఆ జవాబు కంపెనీ సైటులో చిన్న అక్షరాల్లో ఉంటుంది. పైస్థాయిలో తేడా ఇంకా ఎక్కువ. డెస్క్‌టాప్ 4090కి 16,384 కోర్లు, 24 జీబీ. అదే పేరున్న ల్యాప్‌టాప్ కార్డుకి 9,728 కోర్లు, 16 జీబీ. దాని చిప్పే వేరు.

అంకెలన్నీ అయ్యాక చూడాల్సింది ఆడించి కొలిచిన ఫలితం. అందులోనూ సగటు ఒక్కటే చూడకూడదు. మా పాత కాలనీకి గంటకు నాలుగు బస్సులు. సగటున పావుగంటకొకటి. నిజానికి నాలుగూ ఒకదాని వెనక ఒకటి వచ్చేవి, తర్వాత గంటసేపు స్టాపులో మనమూ మన సంచీ. ఫ్రేములూ అంతే. ఒక సెకనులో 59 ఫ్రేములు పదేసి మిల్లీసెకన్లలో వచ్చాయనుకోండి. ఒక మిల్లీసెకను అంటే సెకనులో వెయ్యో వంతు. 590 అయిపోయాయి. అరవయ్యోది మిగిలిన 410 మిల్లీసెకన్లూ తిన్నది. మీటరు 60 అని చూపిస్తుంది. మీకు మాత్రం దాదాపు అర సెకను బొమ్మ బిగుసుకుపోతుంది, ఈలోపు శత్రువు కాల్చేస్తాడు. ఇది పట్టుకోవడానికే "ఒక శాతం లో" అనే అంకె వేస్తారు. అన్నిటికన్నా నెమ్మదిగా వచ్చిన ఒక శాతం ఫ్రేముల వేగం అది. సగటు 90, ఒక శాతం 40 ఉన్న కార్డు కంటే సగటు 80, ఒక శాతం 65 ఉన్న కార్డు నయం. నన్నడిగితే పట్టికలో ముందు చూడాల్సిన వరస ఇదే.

కంపెనీలు చూపించే నిలువు కమ్మీల బొమ్మల్లో కింద చిన్న అక్షరాలు చదవండి. అక్కడ ఫ్రేమ్ జనరేషన్ అనే మాట ఉందా? కార్డు నిజంగా గీసిన రెండు ఫ్రేముల మధ్య ఇంకోటి ఊహించి పెట్టడం అది. 4060కి ఈ విద్య ఉంది, 3060కి ఎన్విడియా ఇవ్వలేదు. బొమ్మ నున్నగా కనబడుతుంది, కాదనను. కానీ ఊహించిన ఫ్రేములో మీరు నొక్కిన బటన్ ప్రభావం ఉండదు, పైగా స్పందన కొంచెం ఆలస్యమవుతుంది కూడా. 2025 జనవరిలో ఎన్విడియా అధిపతి జెన్సన్ హువాంగ్ 549 డాలర్ల 5070 కార్డు 4090 అంత పని చేస్తుందని వేదిక మీద చెప్పారు. గీసిన ఒక్కో ఫ్రేముకీ మూడు ఊహించిన ఫ్రేములు కలిపితే వచ్చే మాట అది. మజ్జిగలో ఎన్ని నీళ్లు కలిపినా గ్లాసు నిండుతుంది. పోల్చేటప్పుడు నీళ్లు కలపకముందు ఎంతో చూడండి.

కార్డు మంచిదే వేసినా ఫ్రేములు పెరగలేదనేవాళ్లుంటారు. అప్పుడు తప్పు ప్రాసెసర్‌ది కావచ్చు. తేలిగ్గా తేల్చుకోవచ్చు. ఆట సెట్టింగుల్లో రెజల్యూషన్ బాగా తగ్గించి చూడండి. ఫ్రేములు పెరిగితే అడ్డం కార్డు. పెరగకపోతే ప్రాసెసర్, కొత్త కార్డు కొన్నా అది అడ్డం తప్పుకోదు.

కరెంటు సంగతి ఒక్క ముక్కలో. 170కీ 115కీ తేడా 55 వాట్లు, ఒక మామూలు సీలింగ్ ఫ్యాను కంటే తక్కువ. రోజుకు మూడు గంటలు ఆడితే ఏడాదికి 60 యూనిట్లు. యూనిట్ 7 రూపాయలనుకుంటే 420 రూపాయలు. దీని కోసం కార్డు మార్చక్కర్లేదు, వేసవిలో గది వేడి కాస్త తగ్గుతుందంతే. రెండింటికీ కంపెనీ సూచించే ఎస్‌ఎంపీఎస్ 550 వాట్లదే.

ధరలు నేను ఇక్కడ రాయను. నెల తిరక్కుండా మారిపోతాయి. భాగహారం మాత్రం చెబుతాను. మీ రెజల్యూషన్లో, మీరు ఆడే ఆటలో వచ్చే ఫ్రేములతో ధరని భాగించండి. 30,000 రూపాయల కార్డు 100 ఫ్రేములిస్తే ఫ్రేముకు 300. 36,000ది 110 ఇస్తే 327. జీఎస్టీ 18 శాతం కలిపిన ధరే తీసుకోండి, ఆన్‌లైన్‌లో ఒకలా, కౌంటరు దగ్గర ఒకలా చెబుతుంటారు.

ఇదంతా విని మా వాడు చీటీ మడిచి, "ఇంతకీ ఏది అంకుల్?" అన్నాడు. నీ తెర ఏది, ఏం పని చేస్తావు అని అడిగాను. 22 అంగుళాల ఫుల్ హెచ్‌డీ. ఆడేది వాలరెంట్ ఒక్కటే, అది రెండిట్లోనూ హాయిగా నడుస్తుంది. అసలు పని ఫైనలియర్ ప్రాజెక్టు. 14 వందల కోట్ల పరామీటర్లున్న భాషా మోడల్‌ని ఇంట్లోనే నడపాలట. పరామీటర్ అంటే మోడల్ నేర్చుకుని దాచుకున్న ఒక అంకె. ఒక్కోదాన్ని అర బైటుకి కుదించినా 7 జీబీ అక్కడే పోతుంది. మాట్లాడిన సంభాషణ గుర్తుంచుకోవడానికి ఇంకొంత కావాలి, విండోస్ కొంత తింటుంది. 8 జీబీలో ఇరకాటం, 12 జీబీలో సుఖం. ఆటలే ఆడేవాడైతే 4060 అనేవాణ్ని. వీడికి 3060 అన్నాను. షాపాయన చెప్పిన కారణం తప్పు, చెప్పిన కార్డు ఒప్పు.

మీరూ అదే కొనేటట్టయితే డబ్బా మీద 12 జీబీతోపాటు 192 బిట్ అని కూడా ఉందో లేదో చూసుకుని, కార్డు సీరియల్ నంబరు బిల్లు మీద వేయించుకోండి. వారంటీకి వెళ్లినప్పుడు ముందు అడిగేది ఆ నంబరే.